పెళ్ళి కెమెరా పట్టినవాడికి సినిమా కెమెరా అందదా?

దేవరకొండ_ఫోకస్
పదకొండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. దేవరకొండ, కొండమల్లేపల్లి, హాలియా చుట్టుపక్కల నేను తీసిన ఆల్బం లేని వీధి ఉండదు. ముప్పై రెండు నిండాయి. మొన్న మూఢం వచ్చి చేతిలో పని లేకపోవడంతో, చిన్నప్పటి కోరిక ఒకటి మిగిలిపోయింది కదా అని హైదరాబాదు వెళ్ళాను. తెలిసినవారి ద్వారా ఒక ఛాయాగ్రాహకుడి ఆఫీసులో సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆయన కనబడలేదు. ఆయన దగ్గర పనిచేసే అతను నా వీడియో నలభై సెకన్లు చూసి, "నీ చేతికి పెళ్ళి అలవాటైపోయింది అన్నా, ఇక వదలదు" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

నాకు అర్థం కానిది ఒకటే. ముహూర్తం రాత్రి రెండు గంటలకు. మండపంలో ఒక పక్క ట్యూబులైట్లు, ఇంకో పక్క రంగులు మార్చే ఎల్.ఈ.డీ.లు, మధ్యలో హోమం పొగ. తలంబ్రాలు ఇంకోసారి పోయమని అడిగే వీలు లేదు. ఇంత గందరగోళంలో పని చేసినవాడికి, పదిమంది లైట్‌మెన్లు చుట్టూ ఉండగా తీయడం చేతకాదా? ఈ వయసులో జీతం లేని అసిస్టెంటుగా చేరితే పిచ్చితనమా? తెలిసినవారు చెప్పండి. ఓదార్పు మాత్రం వద్దు.

గద్వాల_జరీ
ఓదార్పు వద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. మా అక్క పెళ్ళి వీడియోలో పెళ్ళికొడుకు కంటే డ్రోన్ నీడే ఎక్కువసేపు కనిపిస్తుంది. తీసింది నువ్వు కాదు కదా?

దేవరకొండ_ఫోకస్
గద్వాల వైపు ఎప్పుడూ రాలేదు. బతికిపోయాను.

లెక్కలరావు
బ్యాంకులో పనిచేసేవాణ్ణి, నా ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. పెళ్ళయిందా? పిల్లలెందరు? కెమెరా మీద అప్పు తీరిందా? మా మేనల్లుడు ఏడేళ్ళు కెమెరా అసిస్టెంటుగా తిరిగాడు. మొదటి రెండేళ్ళు బత్తా తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత ఇస్తామన్నది ఇవ్వడానికి సినిమా విడుదల కావాలన్నారు. సినిమా ఇంకా డబ్బాలోనే ఉంది, వాడు ఇప్పుడు షాద్‌నగర్‌లో సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. కెమెరా వృత్తి అయితే వదల్లేదు.

దేవరకొండ_ఫోకస్
పెళ్ళయింది, ఒక పాప. అప్పు ఇంకా పద్నాలుగు వాయిదాలు.

లెక్కలరావు
అయితే ఆ పద్నాలుగు వాయిదాలు అయ్యాక మాట్లాడుకుందాం.

పాలమూరు_పిల్ల
రావు గారి లెక్క తప్పని అనను, కానీ ప్రతి ప్రశ్నకూ వాయిదాలే సమాధానం అయితే సినిమాలు తీసేవాళ్ళు ఎవరూ మిగలరు. నేను హైదరాబాదులో సినిమాలకు రంగులు సరిదిద్దే పనిలో ఉన్నాను. షూటింగ్ అయిపోయి ఎడిటింగ్ కూడా ముగిశాక, ప్రతి షాటులో వెలుగు, రంగు పక్క షాటుతో కలిసేలా చూడటం మా పని. ఛాయాగ్రాహకుడు పక్కనే కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి ఆ పక్క కుర్చీలను చూస్తున్నాను కాబట్టి అడుగుతున్నాను. ఆ నలభై సెకన్లు మాకు కూడా చూపించగలవా?

కార్బన్‌కడ్డీ
మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి. మీ కెమెరామన్లందరి తలరాత మా గదిలోనే తేలేది, ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు. జినాన్ దీపాలు రాకముందు కార్బన్ కడ్డీలు ఉండేవి. రెండు కడ్డీల మధ్య మంట పుడితే ఆ వెలుగుతో బొమ్మ పడేది. కడ్డీ అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఓనరు కడ్డీలు ఆదా చేయమనేవాడు, మేము చేసేవాళ్ళం. మద్రాసులో ఎవరో మహానుభావుడు నెల రోజులు కష్టపడి వెన్నెల పుట్టిస్తే, మా హాల్లో అది అమావాస్య అయ్యేది. జనం "ఫొటోగ్రఫీ బాగాలేదు" అని ఆయన్నే తిట్టుకుంటూ వెళ్ళేవారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

లెక్కలరావు
వెన్నెల అంటే గుర్తొచ్చింది. 'మాయాబజార్' పడవ పాటను పౌర్ణమి రాత్రులు చూసుకుని తీశారని మా నాన్న చెప్పేవారు. అంత ఓపిక ఇప్పుడు ఎవరికి ఉంది?

పాతరీలు
రావు గారూ, నాన్నగారి మాట కాదన్నందుకు ఏమీ అనుకోకండి. 1957 నాటి ఫిల్ముకు నిజమైన వెన్నెల సరిపోదు. పౌర్ణమి రాత్రి కెమెరా తిప్పితే చీకటి తప్ప ఏమీ పడదు. ఆ వెన్నెల మార్కస్ బార్‌ట్లీ చేసిన వెన్నెల. ఆంగ్లో ఇండియన్, విజయా వారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు. 'పాతాళభైరవి' ఆయనే, 'మిస్సమ్మ' ఆయనే, 'గుండమ్మ కథ' ఆయనే. తర్వాత 1965లో మలయాళంలో 'చెమ్మీన్'కు వెళ్ళి రంగుల్లో సముద్రాన్ని తీశాడు. మనవాళ్ళకు పాట రాసినవారు తెలుసు, పాడినవారు తెలుసు, పడవలో కూర్చున్నవారు తెలుసు. వెన్నెల మాత్రం చంద్రుడి ఖాతాలో వేసేశారు.

దేవరకొండ బాబూ, నా సంగతి చెబుతాను, నీకు పనికొస్తే తీసుకో.

మాది మిర్యాలగూడ. 1974లో పందొమ్మిదేళ్ళ వయసులో మద్రాసు రైలెక్కాను. ఆ ఏడాదే 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది, తెలుగులో మొదటి సినిమాస్కోప్, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి గారు. ఆ తెర వెడల్పు చూసి నాకు మతి పోయింది. చదువు పదో తరగతి. మూడు నెలలు ఒక స్టూడియో గేటు బయట టీ కొట్టు దగ్గరే ఉన్నాను. తర్వాత ఒక కెమెరామన్ దగ్గర చేర్చుకున్నారు. చేరగానే కెమెరా ముట్టుకున్నాననుకోకండి. మొదటి ఏడాది మోసింది కాళ్ళు మాత్రమే. కెమెరావి, నావి కావు.

ఆ తర్వాత మ్యాగజైన్, అంటే కెమెరాకు తగిలించే ఫిల్ము డబ్బా, నింపడం. నాలుగు వందల అడుగుల ఫిల్ము అంటే సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల చొప్పున నాలుగున్నర నిమిషాలకు అటూ ఇటూ. అది అయిపోయేలోపు ఇంకోటి సిద్ధంగా ఉండాలి. రెండు చేతుల తొడుగులున్న నల్ల సంచి ఉండేది. అందులో చేతులు దూర్చి, కళ్ళతో పని లేకుండా, వేళ్ళతోనే ఫిల్మును డబ్బాలోని పళ్ళ చక్రం మీద ఎక్కించాలి. చేతులకు చెమట పడితే ఫిల్ము పాడు. మే నెల ఎండలో, జీపు వెనకాల, ఒళ్ళో సంచి పెట్టుకుని మూడేళ్ళు అదే చేశాను. ఇప్పటికీ చీకట్లో చొక్కా గుండీలు పెట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

ఆ మీదట ఫోకస్. నటుడి కంటి దగ్గర నుంచి కెమెరా మీదున్న గుర్తు దాకా టేపుతో కొలిచి, అతను నడుస్తుంటే ఆ కొలతల ప్రకారం లెన్సు తిప్పుతూ ఉండాలి. అది ఆరేళ్ళు. తర్వాత ఆపరేటివ్ కెమెరామన్, అంటే షాటు తీసేటప్పుడు కెమెరా నడిపేవాణ్ణి. సొంతంగా ఒక సినిమాకు ముహూర్తం కూడా జరిగింది. కొబ్బరికాయ కొట్టిన షాటు తప్ప రెండో షాటు తీయలేదు, నిర్మాత ఇంటి తగాదాలో పడిపోయాడు. పరిశ్రమ హైదరాబాదు వచ్చేశాక నేనూ వచ్చేశాను, తర్వాత ఇంటికి వచ్చేశాను.

పిచ్చితనమా అని అడిగావు. అవును, కానీ ముప్పై రెండుకు కాదు. నాకు పందొమ్మిదికే ఉంది.

గద్వాల_జరీ
పెద్దాయనా, ఇంత రాసి మిమ్మల్ని ఎవరు తిట్టారో చెప్పలేదు. కెమెరా అసిస్టెంటు కథలో తిట్లు లేకపోతే నమ్మబుద్ధి కాదు.

పాతరీలు
తిట్ల కథ కావాలా? సరే. కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున ఒక షాటు. నది మీద పొగమంచు, పడవ, ఎర్రటి సూర్యుడు. అలాంటి పొద్దు మూడు రోజులు కాచుకుంటే ఒకసారి దొరికింది. షాటు అయ్యాక కెమెరా గేటు తెరిచి చూడాలి, ఫిల్ము పోయే కిటికీలో దుమ్ముగానీ పోగుగానీ చిక్కుకుందా అని. ఆ పని నాది. అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొట్టాను, గేటు చూడలేదు. ఫిల్ము మద్రాసు ల్యాబుకు వెళ్ళి కడిగి వచ్చాక చూస్తే తెర పైఅంచున, సూర్యుడి పక్కనే, ఒక వెంట్రుక ఊగుతోంది. మళ్ళీ తీయడానికి నటుడి తేదీలు లేవు. దాన్ని అలాగే ఉంచేశారు. కెమెరామన్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. నెల రోజులు నాతో మాట్లాడటమే మానేశారు. తిడితే బాగుండేది.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంది. మనవలను పిలిచి "అదిగో, ఆ వెంట్రుక మీ తాతది" అని చూపిస్తాను.

కార్బన్‌కడ్డీ
పడవలో ఎర్ర చీర అమ్మాయి ఉంటుంది, ఆ షాటేనా? ఇంటర్వెల్ తర్వాత రెండో రీలు?

పాతరీలు
అదే. ఎలా తెలుసు?

కార్బన్‌కడ్డీ
అయ్యా! ఆ వెంట్రుక నా ప్రొజెక్టర్ గేటులో ఉందనుకుని ఇరవై ఒక్క రోజులు, రోజుకు నాలుగు ఆటలు, ఆ రీలు రాగానే గేటు ఊదాను. ఓనరు నా మీద అరిచాడు. బ్రష్షు కొన్నాను, నా డబ్బుతో.

గద్వాల_జరీ
ఇన్నేళ్ళకు ముద్దాయి దొరికాడు. బ్రష్షు డబ్బులు వడ్డీతో కట్టాలి. రావు గారూ, లెక్క వేయండి.

పాతరీలు
బ్రష్షుతో పాటు ఒక పూట భోజనం కూడా బాకీ. వప్పుకుంటున్నాను.

సోమశిల_రేవు
ఫిల్ము కథలు వినడానికి బాగున్నాయి. ఇప్పుడు డిజిటల్. తీసింది అప్పుడే మానిటర్‌లో కనబడుతుంది, వెంట్రుకలు లేవు, సంచులు లేవు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఫోనులో తీసి అవార్డు తెచ్చుకుంటున్నాడు. పదేళ్ళు కాళ్ళు మోయడం ఎందుకు? మా కొల్లాపూర్ వైపు రండి, కృష్ణ మీద డ్రోన్ ఎగరేస్తే ఏ దిక్కు తీసినా బొమ్మే.

పాలమూరు_పిల్ల
సోమశిలలో కృష్ణ బాగుంటుంది కాబట్టి బొమ్మ బాగుంటుంది. అందులో నీ గొప్ప ఏమిటి? నాలుగు గోడల మధ్య ఒక ముసలమ్మను కూర్చోబెట్టి తీయి, అప్పుడు చూద్దాం. డిజిటల్ వచ్చాక తప్పు వెంటనే కనబడుతుంది, నిజమే. కంటికి తప్పు తెలిస్తేనే కదా కనబడేది.

దేవరకొండ_ఫోకస్
వీడియో పెట్టాను. గత వేసవిలో చేసిన పెళ్ళి. అమ్మాయిని గంపలో తీసుకొచ్చే దగ్గర నుంచి అప్పగింతల దాకా ఉంది. నిర్దయగా చెప్పండి.

పాలమూరు_పిల్ల
మూడుసార్లు చూశాను. చేయి కుదురుగా ఉంది. ఎవరు ఎప్పుడు ఏడుస్తారో నీకు ముందే తెలుసు, కెమెరా రెండు క్షణాల ముందే అక్కడికి వెళుతోంది. దాన్ని ఎవరూ నేర్పలేరు. ట్యూబులైట్ల కింద బొమ్మ ఎక్కడా మినుకుమనలేదు, అంటే కెమెరా షట్టర్ వేగాన్ని ఆ లైట్లకు సరిపెట్టడం తెలుసు.

తప్పు ఒకటే, అది మొదటి క్షణం నుంచి చివరి దాకా ఉంది. కెమెరా నెత్తిన లైటు. నువ్వు ఎటు తిరిగితే అటు అది తిరుగుతుంది. కాబట్టి పెళ్ళికూతురు, ఆమె మేనమామ, వెనకాల కూలర్, అందరూ ఒకే వెలుగులో ఉన్నారు. ఎవరి ముఖంలోనూ నీడ లేదు. అప్పగింతల్లో తండ్రి స్తంభం చాటుకు వెళ్ళాడు, ఏడుపు కనబడకూడదని. నువ్వు వెంటపడి ఆయన ముఖం మీద లైటు వేశావు. ఆ హైదరాబాదు అతను నలభై సెకన్లలో చూసింది అదే అయి ఉంటుంది. చెప్పిన తీరు మాత్రం బాగాలేదు.

దేవరకొండ_ఫోకస్
ఆయన ముఖం కనబడకపోతే పెళ్ళివారు ఊరుకోరు అక్కా. "మా బావగారు నల్లగా పడ్డాడు" అని డబ్బు ఆపుతారు. నీడ తీసేయడానికే మాకు డబ్బు ఇచ్చేది.

లెక్కలరావు
ఈ ఒక్క విషయంలో అబ్బాయి వైపే నేను.

పానగల్లు_మాస్టారు
నీడ మాట వచ్చింది కాబట్టి దూరుతున్నాను. భౌతికశాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను. నల్లగొండ పక్కన మా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం అందరూ చూసే ఉంటారు. లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఉంటుంది, కదలదు. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు వెళ్ళినా నీడ అక్కడే. చాలామంది అక్కడున్న స్తంభాలు లెక్కపెట్టి ఏ స్తంభం నీడో తేల్చుకోలేక వచ్చేస్తారు.

గర్భగుడిలోకి నేరుగా ఎండ రాదు. ఆవరణలో, రాళ్ళ మీద, ఆకాశం నుంచి చెదిరిన వెలుగు మండపం సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ వెలుగుకు స్తంభాలు అడ్డం. సూర్యుడు ఎక్కడున్నా ఆ సందులు మారవు, స్తంభాలు మారవు, కాబట్టి నీడ మారదు. కుందూరు చోడుల కాలపు శిల్పి ఎండను లోపలికి రానివ్వకుండా, ఎండ వెలుగును మాత్రం రానిచ్చాడు.

నాకు సినిమాలు అంతగా తెలియవు. కానీ కెమెరా నెత్తిన లైటు అన్న మాట చదవగానే నాకు ఇదే తోచింది.

శివయ్య_భక్తుడు
అది స్వామి మహిమ. సందులు, చెదిరిన వెలుగు అని తగ్గించకండి.

పానగల్లు_మాస్టారు
తగ్గించలేదు నాయనా. ప్రతి సోమవారం వెళతాను. స్వామికి ఒక దండం, కట్టినవాడికి ఇంకో దండం పెడతాను.

పాతరీలు
మాస్టారూ, మీకు తెలియకుండానే సినిమా చెప్పారు. 1956లో సత్యజిత్ రాయ్ 'అపరాజితో' తీసేటప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రాకు ఇదే చిక్కు వచ్చింది. కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్టు వేశారు. అలాంటి లోగిలిలోకి వెలుగు పైనుంచి, ఆకాశంలోంచి దిగుతుంది, దానికి ఒక దిక్కంటూ ఉండదు. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే ఒక్కో మనిషికి నాలుగు నీడలు. ఆయన సెట్టు పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లను దాని మీదకు కొట్టి, తిరిగి వచ్చిన వెలుగుతో తీశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరు కూడా నిండలేదు. అంతకుముందు 'పథేర్ పాంచాలి' తీసేనాటికి సినిమా కెమెరా నడిపిన అనుభవమే లేదు. చూశావా బాబూ, పెళ్ళి అనుభవం కూడా లేదు.

ఇప్పుడు షూటింగుల్లో థర్మకోల్ షీటు పట్టుకుని నిలబడే కుర్రాడు చేసేది కూడా ఆ పనే.

పాలమూరు_పిల్ల
మన దగ్గరి ఉదాహరణ 'దాసి', 1988. గడీలో పని మనిషి కథ. కెమెరా అపూర్వ కిశోర్ బీర్, జాతీయ అవార్డు వచ్చింది. ఆ గడీ లోపల చీకటిని ఆయన చీకటిగానే ఉంచాడు. దొర కూర్చున్న చోట వెలుగు, ఆమె తిరిగే చోట నీడ. దుస్తులకు అవార్డు అందుకున్న సుదర్శన్ గారిది మిర్యాలగూడే, పెద్దాయనకు తెలిసే ఉంటుంది. దేవరకొండ తమ్ముడూ, ఆ సినిమాను మాటలు ఆపేసి ఒకసారి చూడు. ఎక్కడ ఏమి కనబడకుండా ఉంచారో రాసుకో.

పాతరీలు
తెలుసమ్మా. మా ఊరివారు ఆయన పేరు ముందు 'దాసి' చేర్చే పిలిచేవారు. అంతకంటే ఏం కావాలి.

సోమశిల_రేవు
అయితే అసిస్టెంటుగా చేరాలా, కోర్సు చేయాలా? ఆ సంగతి ఎవరూ తేల్చలేదు.

పాలమూరు_పిల్ల
రెండు దారుల్లోనూ వచ్చారు. బాలు మహేంద్ర పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు, మనకు 'శంకరాభరణం' తీశారు. సెంథిల్ కుమార్ కూడా అక్కడే చదివి, 2003లో 'ఐతే' అనే చిన్న సినిమాతో మొదలై 'మగధీర', 'బాహుబలి' దాకా వెళ్ళారు. పుణెలో చేరాలంటే డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి, ఏళ్ళు పడుతుంది. తమ్ముడికి కుదరదు, పాప ఉంది. అసిస్టెంటు దారే అతనిది.

ఆడపిల్లలకు ఆ దారి కూడా సులువు కాదు. బి.ఆర్. విజయలక్ష్మి 1985లోనే సొంతంగా సినిమా తీసి, ఆసియాలో తొలి మహిళా ఛాయాగ్రాహకురాలని పేరు తెచ్చుకున్నారు. అన్నేళ్ళ తర్వాత నేను వెలుగు కొలిచే మీటరు పట్టుకుని సెట్టులోకి వెళితే "మేకప్ గది అటు మేడమ్" అని దారి చూపించారు. నేను రంగుల గదికి రావడానికి అదీ ఒక కారణం. అక్కడ చీకటి, నన్ను ఎవరూ చూడరు.

గద్వాల_జరీ
అందుకే మా అక్క పెళ్ళి వీడియో మీ గదికి పంపుదామనుకుంటున్నాను. ఆ డ్రోన్ నీడ చెరపగలరా?

పాలమూరు_పిల్ల
పెళ్ళికొడుకును చెరపడం సులువు.

దేవరకొండ_ఫోకస్
పది రోజులు కనబడలేదు, మన్నించండి. మొన్న చింతపల్లి దగ్గర ఒక పెళ్ళి చేశాను. అక్క చెప్పిందీ, మాస్టారు చెప్పిందీ మనసులో పెట్టుకుని, నెత్తిన లైటు తీసి సంచిలో పడేశాను. పెళ్ళికూతుర్ని చేసే గదికి పడమటి కిటికీ ఒకటే ఉంది. ఎదురు గోడకు తెల్ల దుప్పటి కట్టాను. సగం ముఖం వెలుగు, సగం నీడ. వాళ్ళ నాయనమ్మ వచ్చి బుగ్గన చుక్క పెట్టే షాటు ఒకటి దొరికింది. పదకొండేళ్ళలో అలాంటిది తీయలేదు.

ఆల్బం చూసి పెళ్ళికూతురి తండ్రి "ఇల్లు చీకటిగా ఉన్నట్టు చూపించావు, మాకు కరెంటు లేదా?" అన్నాడు. ఐదు వేలు కోసేశాడు.

లెక్కలరావు
నేను చెప్పాను కదా.

గద్వాల_జరీ
వాయిదా ఒకటి పెరిగింది. పద్నాలుగు కాస్తా పదిహేను.

కార్బన్‌కడ్డీ
ఆయన ఇంట్లో టీవీ వెలుతురు తక్కువ పెట్టి ఉంటాడు. నా మాట విని ఒకసారి చూసి రా.

పాలమూరు_పిల్ల
నాయనమ్మ షాటు ఒక్కటి నాకు పంపు. పెళ్ళివారి అనుమతి అడిగి పంపు. మా దగ్గరికి వచ్చే ఒక ఛాయాగ్రాహకుడికి వచ్చే నెలలో కొత్త సినిమా ఉంది, అసిస్టెంటు కావాలంటున్నారు. మాట ఇవ్వను, చూపిస్తాను.

దేవరకొండ_ఫోకస్
నాయనమ్మే అనుమతి ఇచ్చింది. ఆమెకు ఆ ఫొటో నచ్చి గోడకు కట్టించుకుంది. ఇప్పుడే పంపాను అక్కా.

పాతరీలు
బాబూ, నా దగ్గర పాత లైటు మీటరు ఒకటి ఉంది. సెలీనియం సెల్లుది, బ్యాటరీ అక్కర్లేదు, ఎండ తగిలితే ముల్లు లేస్తుంది. ఇప్పటి కెమెరాలో అన్నీ తెర మీదే కనబడతాయి, నిజమే. అయినా ముఖం దగ్గర ఎంత వెలుగు ఉందో ముందు కంటితో చెప్పి, తర్వాత ముల్లు చూడటం నేర్చుకోవాలి. మా మనవలకు అది బొమ్మ. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు.

దేవరకొండ_ఫోకస్
తప్పకుండా వస్తాను తాతగారూ. పొద్దున బస్సు పట్టుకుంటే పదిన్నరకల్లా మిర్యాలగూడలో ఉంటాను.

పాతరీలు
పదిన్నరకు ఎండ నడినెత్తికి వచ్చేస్తుంది, నేర్పడానికి ఏమీ మిగలదు. ఆరింటికి రా.

దేవరకొండ_ఫోకస్
ఆరింటికి అంటే నేను మూడున్నరకే బండి తీయాలి.

పాతరీలు
తీయి. దారిలో హాలియా దాటాక తెల్లవారుతుంది, ఆపి చూసి రా. కెమెరా తీయకు.